ఆటోమేటిక్ గేర్లు మౌంటెన్ బైకర్లకి కావాలా, కంపెనీలకి కావాలా?

రాళ్ళదారి
ఈ-ఎంటీబీ, అంటే మోటార్ సాయం ఉన్న మౌంటెన్ సైకిల్, కొందామని కొన్నాళ్ళుగా చూస్తున్నాను. ఏ బ్రోషర్ తెరిచినా ఆటో షిఫ్ట్ గోలే, గేర్ తనే మార్చేసుకుంటుందట. సైకిల్ భాగాలు చేసే షిమానో 2022లో ఈపీ801 మోటార్‌కి డీఐ2 ఎలక్ట్రానిక్ డిరెయిలర్ (చైన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపేది) జతచేసి ఆటో షిఫ్ట్, ఫ్రీ షిఫ్ట్ (పెడల్ ఆపి జారుతున్నప్పుడు మార్చుకునేది) అని రెండు తెచ్చింది. 2023లో దాని పోటీ కంపెనీ స్రామ్ ఏకంగా ఈగల్ పవర్‌ట్రెయిన్ అనే మోటారే దింపి, అందులో ఆటో షిఫ్ట్, జారుతున్నప్పుడు మార్చే కోస్ట్ షిఫ్ట్ ఇచ్చింది. అదే ఏడాది గేర్‌బాక్స్‌లు చేసే పినియన్ మోటార్‌నీ గేర్‌బాక్స్‌నీ ఒకే పెట్టెలో పెట్టేసింది, అదీ గేర్ తనే ఎంచుకోగలదట. తయారుచేసేవాళ్ళకి ఇది బాగా నచ్చిందని అర్థమైంది. తొక్కేవాళ్ళలో దీన్ని అడిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నేను రేసులు తొక్కను, రాళ్ళూ వేళ్ళూ ఉన్న మామూలు ట్రైల్సే. పెడల్ ఆపి జారుతున్నప్పుడు కూడా గేర్ మార్చుకోవచ్చు అంటే బాగానే ఉంది. అదే తనంతట తాను మార్చేస్తుంది అంటేనే టెన్షన్. వాడినవాళ్ళు చెప్పండి.

బురదమనిషి
వద్దు.

మూడోచక్రం
ఎక్కుడు కూడా ఆటోమేటిక్‌గా ఎక్కేసేది వస్తే చెప్పండి, ఆ రోజే కొంటా.

బురదమనిషి
దాన్ని మోటార్‌సైకిల్ అంటారు.

పాతకాపు
కావాలా వద్దా అన్నది తర్వాత. అసలు ట్రైల్ మీద ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. దానికి తెలిసేవి మూడే: చక్రం ఎంత వేగంగా తిరుగుతోంది, క్రాంక్ (పెడల్ తగిలించిన కడ్డీ) ఎంత వేగంగా తిరుగుతోంది, కాలు ఎంత బలంగా నొక్కుతోంది. మూడూ అప్పటికే జరిగిపోయినవి. నేను చూసేది రాబోయేది. మలుపు తిరగ్గానే చెట్టు వేళ్ళు మెట్టులా అడ్డంగా ఉన్నాయనుకోండి. మలుపులోకి రాకముందే రెండు గేర్లు తేలిక చేసుకుంటాను, చైన్ కుదురుకునేదాకా కాలు కాస్త వదులు చేస్తాను, సీటు కొసకి జరుగుతాను, అప్పుడు నొక్కుతాను. సెన్సర్‌కి ఆ మెట్టు ఉందని తెలిసేది ముందు చక్రం దానికి గుద్దుకుని నా కాలి మీద బరువు పడ్డాకే. అప్పుడది గేర్ మార్చడం మొదలుపెడుతుంది. అంటే నేను ఒంట్లో ఉన్న బలమంతా పెట్టే ఆ అర సెకనులోనే చైన్ ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకి పాకుతుంటుంది. మారడం అయిపోగానే ఇంకా ఘోరం. కాలి కింద ఉన్న బరువు ఒక్కసారిగా మాయమై పెడల్ కిందకి జారిపోతుంది, ఒళ్ళు ముందుకి తూలుతుంది, వెనక చక్రం పట్టు వదిలి గిరగిరా తిరుగుతుంది, కాలు కింద పెట్టాల్సిందే. నున్నటి రోడ్డు మీద ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి ఇది బ్రహ్మాండం, కాదనను. కొండ మీద ఇది ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది.

చక్రధారి
పాతకాపు గారూ, మీరు చెప్పిన మెట్టు ట్రైల్ మొత్తంలో ఎంత భాగం? ఎక్కువసేపు మనం చేసేది ఏమిటి, కొంచెం ఎక్కడం, కొంచెం దిగడం, మళ్ళీ ఎక్కడం. ఈ ఎగుడుదిగుళ్ళలో బొటనవేలికి విశ్రాంతి ఉండదు. జారుతూ దిగి అడుగుకి వచ్చేసరికి ఎదురుగా ఎక్కుడు, చైనేమో దిగేటప్పుడు పెట్టిన బరువు గేర్‌లోనే ఉంటుంది, అక్కడ తొక్కబోతే కరకరమని చప్పుడు, మోకాలు మీద భారం. ఇది మీకు ఎప్పుడూ జరగలేదా? కోస్ట్ షిఫ్ట్ ఉంటే మీరు జారుతూ వేగం తగ్గుతున్నప్పుడే మోటార్ చైన్‌రింగ్‌ని, అంటే ముందున్న పళ్ళచక్రాన్ని, నెమ్మదిగా తిప్పుతుంది, క్రాంక్ మాత్రం కదలదు, మీరు పెడల్ మీద కాలు వేసేసరికి ఆ వేగానికి తగిన గేర్ సిద్ధంగా ఉంటుంది. నేను వాడుతున్నాను, అందుకే చెప్తున్నాను. ఇక మీ మెట్టు సంగతంటారా, ఆటోలో ఉన్నా బటన్ పనిచేయడం మానదు. మెట్టు కనిపిస్తే నొక్కండి, మారుతుంది. ఎవరూ మీ చెయ్యి కట్టేయలేదు. 2023లో వచ్చిన స్రామ్ ట్రాన్స్‌మిషన్ గేర్ల సెట్ అయితే బలంగా తొక్కుతుండగా మార్చడానికే తయారైంది. క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) మీద చైన్ ఎక్కడ దాటాలో అక్కడికి పళ్ళు తిరిగి వచ్చేదాకా ఆగి దాటుతుంది. ఆ కరకరలు పాతకాలం మాట.

మూడోచక్రం
మోకాళ్ళు కరకరలాడేవాళ్ళకి కూడా ఏదైనా ట్రాన్స్‌మిషన్ వచ్చిందా?

పాతకాపు
> మెట్టు కనిపిస్తే నొక్కండి

అదే నేనూ అంటున్నది! నేనే చూసి, నేనే నిర్ణయించి, నేనే నొక్కాలంటే ఇంక అది చేసేదేమిటి? పైగా నేను రెండు గేర్లు దించి సిద్ధంగా ఉన్నాను, ఇంకా మెట్టు రాలేదు, కాలు తేలిగ్గా వేగంగా తిరుగుతోంది, దానికేమో కేడెన్స్ (పెడల్ తిరిగే వేగం) ఎక్కువైందని తోచి మళ్ళీ బరువు గేర్‌కి పోతుంది. అప్పుడు? నేను దించడం, అది ఎక్కించడం, ఇద్దరం కలిసి ఒకే హ్యాండిల్ తిప్పుతున్నట్టు.

"బలంగా తొక్కుతుండగా మారుతుంది" అన్నారు. మారుతుంది, చైన్ తెగదు, ఒప్పుకుంటాను. కానీ దాటే చోటు వచ్చేదాకా ఆగుతుందని మీరే రాశారు. నిటారు ఎక్కుడులో క్రాంక్ నెమ్మదిగా తిరుగుతుంది, క్యాసెట్‌లో పెద్ద పళ్ళచక్రం ఇంకా నెమ్మది. ఆ ఆగడమే చాలు నా కాలు ఆగిపోవడానికి. నా ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పండి: మలుపు వెనక ఉన్న మెట్టు మీ సెన్సర్‌కి మెట్టు ఎక్కకముందే ఎలా తెలుస్తుంది?

చక్రధారి
తెలియదు. తెలుస్తుందని నేనెక్కడ అన్నాను? ఒక్క మెట్టు పట్టుకుని వేలాడుతున్నారు.

బురదమనిషి
పాయింటే కదా మరి.

కంకరరాయి
కార్లలో ఆటోమేటిక్ వచ్చినప్పుడు కూడా ఇలాగే అన్నారు, డ్రైవింగ్ రానివాళ్ళకి అని. ఇప్పుడు ఎవరికైనా సిగ్గుగా ఉందా? బైకులకీ అంతే, కొన్నేళ్ళు ఆగండి.

గ్రీజుచేతులు
కారుతో పోల్చడం దగ్గరే అందరూ తప్పుదారి పడతారు. వర్క్‌షాపులో ఈ సిస్టమ్స్ విప్పి బిగిస్తుంటాను కాబట్టి రెండు మాటలు.

కార్లో యాక్సిలరేటర్ వేరు, ఇంజిన్ మీద పడే భారం వేరు. మీరు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే గేర్‌బాక్స్‌కి మీ ఉద్దేశం తెలుస్తుంది, వేగం కావాలంటున్నాడని. సైకిల్‌కి ఆ సౌకర్యం లేదు. ఉద్దేశమూ భారమూ రెండూ అదే పెడల్ మీదే వస్తాయి. గట్టిగా నొక్కారంటే మలుపు దాటాక వేగం కోసం లేచి తొక్కుతున్నారా, లేక ఎక్కుడులో ఇరుక్కున్నారా? మొదటిదాంట్లో గేర్ అలాగే ఉంచాలి లేదా బరువు చేయాలి, రెండోదాంట్లో తేలిక చేయాలి. రెండిటికీ టార్క్ (నొక్కే బలం) సెన్సర్‌లో కనిపించే గీత ఇంచుమించు ఒకటే. వేగమూ కేడెన్సూ కలిపి చూసి అది ఊహిస్తుంది. చాలాసార్లు సరిగ్గానే ఊహిస్తుంది, అన్నిసార్లూ కాదు. రాళ్ళ మధ్య పెడల్ తగలకుండా సగం సగం తొక్కుతూ వెళ్తామే, అక్కడైతే దానికి కేడెన్స్ లెక్కే సరిగ్గా దొరకదు.

ఇంకోటి, మీరిద్దరూ రెండు పనుల్ని కలిపేసి కొట్టుకుంటున్నారు. జారుతున్నప్పుడు గేర్ మార్చుకోగలగడం ఒకటి, గేర్ ఏదో యంత్రమే నిర్ణయించడం ఇంకొకటి. షిమానో ఫ్రీ షిఫ్ట్‌లో నిర్ణయం మీదే, బటన్ మీరే నొక్కుతారు, చైన్ తిప్పే పని మోటార్‌ది. ఆ మొదటి పని కొత్తదీ కాదు. 1970లలోనే షిమానో ఎఫ్ఎఫ్ఎస్ అని చేసింది, ఫ్రీవీల్‌ని (తొక్కకపోయినా చక్రం తిరగనిచ్చేది) వెనక చక్రం దగ్గర కాకుండా క్రాంక్ దగ్గర పెట్టి, చక్రం తిరుగుతున్నంతసేపూ చైన్ కూడా తిరిగేలా. నిలవలేదు.

కంకరరాయి
హోండా కూడా ఆటోమేటిక్ డౌన్‌హిల్ బైక్ చేసింది కదా, రేసర్ గ్రెగ్ మినార్ తొక్కింది?

గ్రీజుచేతులు
ఆర్ఎన్-01. రేసుల్లో గెలిచింది కూడా, 2007 తర్వాత హోండా తప్పుకుంది. కానీ అది పెట్టెలో దాచిన గేర్ల బైక్, మార్చేది మినారే. నిజంగా తనంతట తానే మారేవి చూడాలంటే ల్యాండ్‌రైడర్ ఉంది, వెనక చక్రం తిరిగే వేగానికి బరువులు బయటికి జరిగి డిరెయిలర్‌ని నెట్టేవి. టీవీ ప్రకటనల్లో అమ్మేవారు. దాన్ని ట్రైల్ మీదకి ఎవరూ తేలేదు.

చక్రధారి
గ్రీజుచేతులు గారూ, వివరంగా రాశారు, బాగుంది. కానీ ఊహ తప్పుతుందన్న ఒక్క కారణంతో వద్దనేద్దామా? నా ఊహ తప్పదా? అలసిపోయాక నేను పెట్టే గేర్లు చూస్తే మీరు నవ్వుతారు. యంత్రం తప్పు చేస్తే పెద్ద విడ్డూరం, మనం తప్పు చేస్తే అది అనుభవం.

ఇంకో మాట. సస్పెన్షన్ సంగతేంటి? రాక్‌షాక్స్ కంపెనీ ఫ్లైట్ అటెండెంట్ అనే ఆటో సస్పెన్షన్ 2021లోనే వచ్చింది. ముందు ఫోర్క్ మెత్తగా కదిలేలా తెరిచి ఉంచాలా, బిగించాలా అని సెన్సర్లు చూసి అదే నిర్ణయిస్తుంది. క్రాస్ కంట్రీ రేసర్లు వాడుతున్నారు. అప్పుడు ఎవరూ ముందున్న రాయి సెన్సర్‌కి ఎలా తెలుస్తుందని అడగలేదు. రేసర్ వాడితే టెక్నాలజీ, మామూలోడు వాడితే చేతకానితనమా?

యాప్‌లో కేడెన్స్ ఎంత కావాలో పెట్టుకోవచ్చు, కొన్నిటిలో ఎక్కుడులో ఎంత తొందరగా స్పందించాలో కూడా మార్చుకోవచ్చు. నేను తక్కువ కేడెన్స్‌కి దించుకున్నాక సగం ఇబ్బందులు పోయాయి. కొన్న రోజే ఒక్కసారి తొక్కి బాలేదనేవాళ్ళే ఎక్కువ.

మూడోచక్రం
రాక్‌షాక్స్ పేరు ఎత్తాడు, ఇంక ఈ చర్చ తెల్లారదు.

పాతకాపు
సస్పెన్షన్ ఆలస్యంగా తెరుచుకుంటే చేతికి ఒక దెబ్బ తగులుతుంది, అంతే. గేర్ ఆలస్యమైతే నేను కింద పడతాను. రెండూ ఒకటెలా అవుతాయి?

నేనూ వాడకుండా మాట్లాడటం లేదు. నా స్నేహితుడి బైక్ అరువు తెచ్చుకుని ఓ పూట తొక్కాను. కంపెనీ పేరు అనవసరం. ఆకులు దట్టంగా రాలిన దిగుడు, పెడల్ ఆపి జారుతున్నాను, వెనక ఏదో టకటకమంది. మామూలు బైకైతే జారేటప్పుడు చైన్ కదలదు, పుల్ల ఇరుక్కున్నా ఆగి తీసేస్తాం. ఇక్కడ నేను తొక్కడం లేదు గానీ చైన్ తిరుగుతోంది, అదేమో గేర్ మార్చే పనిలో ఉంది. పుల్లని లోపలికి లాక్కుని డిరెయిలర్‌ని చక్రం వైపు వంచేసింది. పుల్ల మామూలు బైక్‌లో కూడా ఇరుక్కుంటుంది, నాకు తెలుసు, ఆ మాట రాయడానికి ఎవరూ శ్రమపడొద్దు. కానీ అక్కడ తిప్పింది నా కాలు కాదు.

తర్వాత కథ వినండి. కొత్త డిరెయిలర్ వేయించాం. వేస్తే పనిచేయలేదు. మోటార్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌కీ దీనికీ కుదరదట, అప్‌డేట్ చేయాలట, అది డీలర్ దగ్గరే చేయాలట, డీలర్‌కి ఆ కేబుల్ లేదట. వారాల తరబడి బైక్ గోడకి ఆనుకుని ఉంది. నా స్నేహితుడు నాతో సరిగ్గా మాట్లాడటం మానేశాడు. ఇవన్నీ ఎందుకు? బొటనవేలు కదపడం బద్ధకమై.

గేర్లు మార్చడం విద్యేమీ కాదు. సరైనవాళ్ళు పక్కనుండి చెప్తే ఎవరికైనా వారంలో వస్తుంది. నేను చాలామందికి నేర్పాను.

నెమ్మదిగా_వస్తా
ఇన్నాళ్ళూ చదివి ఊరుకునేదాన్ని, ఈ ఆఖరి మాటకి రాయక తప్పడం లేదు.

నాకు కూడా సరైనవాళ్ళే పక్కనుండి నేర్పారండి. ముందు వెళ్తూ వెనక్కి తిరిగి "మార్చు, మార్చు, ఇప్పుడే మార్చు, అయ్యో ఇప్పుడు కాదు" అని అరుస్తారు. ఏది తేలిక, ఏది బరువు, ఏ మీట ఎటు నొక్కాలో చేతికి అలవాటు కాకముందే ఎదురుగా రాళ్ళు, పక్కన లోయ, ఒక వేలు బ్రేక్ మీద, ఇంకో చేత్తో సీటు దించే మీట. తప్పు వైపు నొక్కగానే పెడల్ బిగుసుకుపోతుంది, ఆగిపోతాను, మళ్ళీ ఎక్కుడు మధ్యలోంచి బయల్దేరడం ఎంత కష్టమో మీకు గుర్తుండకపోవచ్చు. వెనక వస్తున్నవాళ్ళు నిట్టూరుస్తారు. ఆ గ్రూప్‌తో వెళ్ళడం మానేశాను. బైక్ అమ్మేద్దామనుకున్నాను.

అద్దెకి దొరికిన ఆటో షిఫ్ట్ బైక్ మీద మొదటిసారి ట్రైల్ అంతా తలెత్తి చూస్తూ వెళ్ళాను. గేర్ ఎక్కడుందో ఆలోచించలేదు, చక్రం ఎక్కడ పెట్టాలో ఆలోచించాను. పాతకాపు గారు చెప్పిన మెట్టు దగ్గర నేనూ ఆగిపోయాను, నిజమే. మాన్యువల్ బైక్ మీద కూడా అక్కడే ఆగిపోయేదాన్ని. అంతకుముందు పంటి కింద రాయిలా ఉండే ఎగుడుదిగుడు ముక్క మాత్రం ఆ బైక్ వల్ల మొత్తం సాఫీగా దాటాను.

బురదమనిషి
ఈ మాట బాగుంది.

పాతకాపు
అమ్మా, మీకు నేర్పినవాళ్ళు అరిచారంటే అది వాళ్ళ తప్పు, గేర్లది కాదు. అరిచే గురువు ఉన్నాడని అసలు చదువే తీసేస్తామా? నేర్చుకునే ఓపిక లేనివాళ్ళ కోసం బైకులు మార్చుకుంటూ పోతే రేపు బ్యాలెన్స్ కూడా అదే చేస్తుంది, మనం సామాన్లలా కూర్చుందాం. కొందరికి ట్రైల్ తొక్కడం కాదు, తొక్కినట్టు ఫోటో కావాలి.

చక్రధారి
ఓపిక లేనివాళ్ళు, బద్ధకం, ఫోటో. సరే, నా బద్ధకం గురించి చెప్తాను విను.

నా కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. సీసా మూత తిప్పలేను. షిఫ్టర్ మీట నొక్కిన ప్రతిసారీ మణికట్టు దాకా పోటు. డాక్టర్ సైకిల్ మానేయమన్నాడు. నువ్వు బొటనవేలు కదపడం బద్ధకం అని రాసిన వాక్యం నేను రెండోసారి చదవలేకపోయాను.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ బటన్ వాడొచ్చుగా, అది తేలికేగా అంటావు. వాడాను. బటన్ తేలికే, కానీ దాన్ని నొక్కాలన్నా గ్రిప్ చుట్టూ ఉన్న బొటనవేలు తీయాలి. రాళ్ళ మీద అదురుతూ దిగేటప్పుడు తీసి మళ్ళీ చుట్టడమే నాకు నరకం. ఆటోలో పెట్టాక వేలు అక్కడే ఉంటుంది. రాళ్ళ దిగుళ్ళు మళ్ళీ తొక్కగలుగుతున్నాను. మెట్టు దగ్గర తడబడతాను, తడబడనీ. అసలు కొండకే రాకపోవడం కంటే మేలు కదా?

నువ్వు ఒక్కసారీ "ఎందుకు వాడుతున్నావు" అని అడగలేదు. సెన్సర్‌కి మెట్టు ఎలా తెలుస్తుందని మాత్రం నాలుగుసార్లు అడిగావు. మీలాంటి పెద్దలకి అభ్యంతరం గేర్ కాదు, ఆ గేర్ వల్ల కొండ మీదకి ఎవరెవరు వస్తున్నారన్నది.

అడ్మిన్
మనుషుల మీద కాదు, విషయం మీద రాయండి. ఇంకొకటి ఇలా వస్తే తాళం వేస్తాను.

మూడోచక్రం
ఆటోమేటిక్ తాళమా?

పాతకాపు
చక్రధారీ, మీ చేతి సంగతి మీరు చెప్పేదాకా నాకెలా తెలుస్తుంది? మీకు అది కావాలి, వాడండి, ఎవరు కాదన్నారు. కొండ మీదకి ఎవరు వచ్చినా నాకు అభ్యంతరం లేదు. అది మాత్రం నా నోట్లో పెట్టొద్దు.

నా బాధ వేరే. ఇది "కావాలంటే వాడుకో" దగ్గర ఆగదు. 2012లో స్రామ్ ఎక్స్‌ఎక్స్1 వచ్చింది, ముందు ఒకే చైన్‌రింగ్, వెనక పదకొండు. అప్పుడూ కావాలంటే అన్నారు. ఇప్పుడు మంచి ట్రైల్ బైక్ ఫ్రేమ్‌కి ముందు డిరెయిలర్ బిగించే చోటే ఉండదు. అది మంచికే అయింది, ఒప్పుకుంటాను. తర్వాత 2023లో స్రామ్ ట్రాన్స్‌మిషన్ వచ్చినప్పుడు బ్యాటరీతో మాత్రమే. 2025లో షిమానో పై తరగతి గేర్లు, కొత్త ఎక్స్‌టీఆర్, వైర్‌లెస్ మాత్రమే. పై తరగతిలో కేబుల్ గేర్ కావాలంటే పాతది వెతుక్కోవాలి. నేను అడవిలో రాత్రిళ్ళు ఉండేలా దూరాలు తొక్కుతాను. కేబుల్ తెగితే సంచిలో ఇంకోటి ఉంటుంది, రాయి మీద కూర్చుని మార్చుకుంటాను. సాఫ్ట్‌వేర్ కుదరకపోతే ఏ రాయి మీద కూర్చోవాలి? ఇవాళ మోటార్ ఉన్న సైకిళ్ళకే ఆటో. రేపు మోటార్ లేని బైక్‌కీ సెన్సర్లు వస్తాయి, అది మామూలైపోతుంది, నాకు కావలసింది అమ్మేవాడు ఉండడు. మీకు కొండ దొరికినందుకు నేను కొండ పోగొట్టుకోవాలా?

చక్రధారి
ఇది మొదటి పోస్టులో రాసి ఉంటే మనకి ఇంత గొడవ ఉండేది కాదు. మీ భయం నాకు అర్థమైంది. కానీ కేబుల్ గేర్లు తగ్గిపోవడానికి కారణం ఆటో షిఫ్ట్ కాదు, వైర్‌లెస్. ఆ కోపం తెచ్చి మా మీద పెడుతున్నారు.

గ్రీజుచేతులు
ఇద్దరికీ ఒక్కో మాట.

పాతకాపు గారూ, స్రామ్ 2025లో అదే ట్రాన్స్‌మిషన్‌ని కేబుల్‌తో కూడా తెచ్చింది, ఈగల్ 90, ఈగల్ 70 అని. హ్యాంగర్ (డిరెయిలర్‌ని తగిలించే ముక్క) లేకుండా నేరుగా ఫ్రేమ్‌కే బిగుస్తాయి, బ్యాటరీ లేదు. అంటే అడిగేవాళ్ళు ఉన్నారని వాళ్ళకీ తెలిసింది. పై తరగతిది కాదు కదా అంటారు, అది నిజం, కాస్త బరువు ఎక్కువే. పని మాత్రం గట్టిది.

చక్రధారి గారూ, మోటార్ లేని బైక్‌కి ఆటో రాదని అనుకోవద్దు. షిమానో క్యూ-ఆటో 2025లో చూపించింది. వెనక చక్రం మధ్యనుండే హబ్‌లోనే డైనమో, చక్రం తిరిగితే కరెంటు, ఛార్జింగ్ అక్కర్లేదు, మీరు బటన్‌తో సరిదిద్దిన కొద్దీ మీ అలవాటు నేర్చుకుంటుంది. ప్రస్తుతానికి ఊళ్ళో, రోడ్డు మీద తిరిగే బైకులకి. ట్రైల్‌కి పనికిరాకపోవడానికి పెద్ద కారణం, మోటార్ లేదు కాబట్టి జారేటప్పుడు చైన్ తిప్పేవాళ్ళు లేరు. పెడల్ తొక్కితేనే మారుతుంది. దిగుడు అడుగున గేర్ సిద్ధంగా ఉండటం అని మీరు మెచ్చుకున్న లాభమే అందులో ఉండదు.

పాతకాపు
"ప్రస్తుతానికి" అన్న మాట చూశారా అందరూ.

కంకరరాయి
గేర్‌బాక్స్ గురించి ఎవరూ మాట్లాడరేం? పినియన్‌లో చైన్ దాటే పనే లేదు, నిలబడి ఉన్నా మారుతుంది. పుల్ల ఇరుక్కోవడానికి డిరెయిలరే లేదు. పాతకాపు గారి సగం ఫిర్యాదులు పోతాయి.

పాతకాపు
డిరెయిలర్ ఫిర్యాదు పోతుంది. సాఫ్ట్‌వేర్ అలాగే ఉంటుంది. మోటార్ పాడైతే గేర్‌బాక్స్ కూడా దానితోపాటే పెట్టె కట్టి పంపాలి.

గ్రీజుచేతులు
అది మాత్రం నిజం. పన్నెండు గేర్లు, 600 శాతం రేంజి (తేలిక గేర్‌కీ బరువు గేర్‌కీ ఆరు రెట్ల తేడా), కానీ ఏం పాడైనా మా చేతుల్లో ఉండదు.

రాళ్ళదారి
ఇంత చదివాక నాకు అర్థమైంది ఏంటంటే జారేటప్పుడు మార్చుకునే సౌకర్యం నాకు కావాలి, నిర్ణయం మాత్రం నా దగ్గరే ఉండాలి. ఆ రెండూ విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకోవచ్చా? షోరూమ్‌లో అడిగితే "అన్నీ ఉంటాయి సార్" అన్నాడు, ఎక్కడున్నాయో చూపించలేదు.

గ్రీజుచేతులు
షిమానోలో చేసుకోవచ్చు, వాళ్ళ ఈ-ట్యూబ్ యాప్‌లో. మీరు కొనే మోడల్‌లో ఉన్న డిరెయిలర్‌కీ క్యాసెట్‌కీ అది వర్తిస్తుందో లేదో కొనకముందే యాప్ కలిపి చూపించమనండి, మాట మీద నమ్మొద్దు. టెస్ట్ రైడ్ చదును నేల మీద చేయించి పంపేస్తారు, ఒప్పుకోకండి. దిగి వెంటనే ఎక్కే చోటు ఒకటి, లేచి నిలబడి తొక్కాల్సిన చోటు ఒకటి చూసుకోండి. ఆ రెండు చోట్ల నచ్చితే చాలు.

నెమ్మదిగా_వస్తా
వెళ్ళేటప్పుడు పక్కన ఎవరినీ తీసుకెళ్ళకండి.

పాతకాపు
వేళ్ళ మెట్టు ఉన్న చోట కూడా చూసుకోమనండి.

చక్రధారి
మళ్ళీ మొదలు.